జేబు మీది వంతెన

మా చిన్నప్పుడు... సూరత్‌లో, డిండోలిలోని మా ఒంటిగది ఇంట్లో, అంట్ల పని అయ్యాక అమ్మ గుమ్మంలో వెలుతురు చూసుకుని కూర్చునేది. చెక్క చట్రానికి బిగించిన నల్లగుడ్డ మీద జరీ తీగతో బ్యాడ్జీలు కుట్టేది. బాపు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. మాది నేతగాళ్ల ఇల్లు... తెగిన పోగు కనబడితే అతికేదాకా మాకు అన్నం సహించదు.

అప్పుడు నాకు పదేళ్లు. కుట్టులో తప్పు పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని మహా గర్వం.

ఒకసారి ఒక రిటైర్డ్ హవల్దారు వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, రింగ్ రోడ్ మార్కెట్లో కాపలా ఉద్యోగం. వాళ్ల పాత పటాలం వాళ్లు కలుసుకుంటున్నారట... కోటు జేబుల మీదికి పన్నెండు బ్యాడ్జీలు కావాలన్నాడు. నమూనాగా తన పాతది ఇచ్చాడు. కింద నది, దాని మీద వంతెన, పైన సూర్యుడు. జరీ అంతా నల్లబడి ఉంది.

ఆ వంతెన నడుమ గోరంత ఖాళీ. కనిపెట్టింది నేనే.

"అమ్మా, గీడ జరీ ఊసిపోయింది సూడు."

"అవు బిడ్డా... పాతదాయె గద" అంది అమ్మ. పన్నెండింటిలోనూ వంతెన నిండుగా కుట్టేసింది.

రేపు వాళ్లు కలుస్తారనగా హవల్దారు వచ్చాడు. ఒక బ్యాడ్జి అరచేతిలో పెట్టుకుని, పాతదాని పక్కన ఆనించి చూశాడు. తర్వాత గుమ్మంలోనే కూర్చున్నాడు.

"బ్రిడ్జి ఎందుకు కలిపినవ్ చెల్లె?"

అప్పుడు చెప్పాడు. వాళ్లది యుద్ధంలో వంతెనలు కట్టే పటాలం. వరదలో ఉన్న నది మీద, అవతలి నుంచి కాల్పులు జరుగుతుండగా కట్టారట. నడుమ పలకలు బిగిస్తున్న ఇద్దరు నదిలో పడిపోయారు... మళ్లీ దొరకలేదు. తెల్లారి మిగతావాళ్లు పూర్తి చేశారు, సైన్యం దాటింది. ఆ పైనున్నది ఆ పొద్దుటి సూర్యుడేనట. బ్యాడ్జి మీద మాత్రం వంతెనను ఎన్నటికీ పూర్తి చేయకూడదని పటాలం నిర్ణయించుకుంది.

"గా జాగల ఎవ్వలు నిలబడరు చెల్లె. గది వాండ్లదే. రేపు వాండ్లల్ల ఒకని పెండ్లాం వస్తది... ఆమె ముంగట గిది ఎట్ల పెట్టుకోవాలె?"

నిజంగా జరీ ఊడి ఉంటే కింద సూది బెజ్జాలు కనబడాలి. పాతదానిలో ఒక్కటీ లేదు. నా చురుకు కళ్లకు అది కనబడలేదు.

ఇప్పుడు అమ్మ నా పేరు చెబుతుందనుకున్నాను. నావైపు చూడనైనా చూడలేదు.

"తప్పు నాదే అన్నా. అడగకపోతి. జర కూసో, ఇప్పుడే ఇప్పుత."

జరీ కుట్టు ఇప్పడం కుట్టడం కన్నా కష్టం. గట్టిగా లాగితే గుడ్డ చిరుగుతుంది. అమ్మ సూదిమొనతో ఒక్కో కుట్టూ లేపుతుంటే సూది మాటిమాటికీ జారింది. పోగులు అతకడమే తెలిసిన మనిషి... తెంపడం ఆమెకు అలవాటు లేదు. నేను పక్కన కూర్చుని జరీ ముక్కలు ఏరుతూ ఏడ్చాను.

పన్నెండూ అయ్యాయి. ఖాళీ అయితే వచ్చింది గానీ సూది బెజ్జాలు మిగిలిపోయాయి. అమ్మ వాటిని గోటితో రుద్ది రుద్ది, "ఇవి పోతలేవన్నా" అని తల దించుకుంది.

హవల్దారు బొటనవేలితో వాటిని తడిమాడు.

"ఉండనీ చెల్లె... గా రోజు పలకల మీద గిట్లనే ఉండె తూటాల బొక్కలు."

అమ్మకు దండం పెట్టి, బ్యాడ్జీలు రుమాల్లో మడిచి తీసుకెళ్లాడు. తప్పు నాదని ఆయనకు నేను చెప్పలేదు. అమ్మ ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. ఇన్నేళ్లకు మీకు చెబుతున్నాను.

ఇప్పుడు సూరత్‌లో బ్యాడ్జీలు చాలావరకు కంప్యూటర్ మిషన్లే కుడుతున్నాయి. నమూనా ఎలా ఉంటే అలా... మాలాగా తప్పులు చేయవు. వాటికి కథ చెప్పడానికి ఎవరూ గుమ్మంలో కూర్చోరు కూడా.

మీ ఇంట్లో పెట్టె అడుగున ఇలాంటి గుర్తు ఏదైనా ఉందా? దాని సంగతి తెలిసినవాళ్లు ఇంకా ఉంటే ఈ రోజే అడిగి, ఇక్కడ నాలుగు ముక్కలు రాయండి. మేం అంత విన్నాం, అంత ఏడ్చాం... ఆ ఇద్దరి పేర్లేమిటో అడగాలని మాత్రం మాకు తోచలేదు.