కాల్‌బాయ్ కకా కుక్కపిల్ల

మొన్న మా మనవరాలు ఒక కుక్కపిల్లను తెచ్చింది. ఉండేది నాలుగో అంతస్తు, మనుషులకే చోటు చాలదు, అయినా నన్నెవరడిగారు. తెల్లగా, దూదిపింజలా ఉంటుంది, డబ్బా తిండి తప్ప ముట్టదు. కొత్త ఇంట్లో మొదటి రాత్రి ఏడుస్తుందని పిల్ల ముందే తెలుసుకుని, మెత్తటి పరుపు వేసి, పక్కన మొబైల్ పెట్టి, అందులో తల్లికుక్క గుండె చప్పుడు మోగించింది. "నానీ, యే సున్‌కే సో జాతా హై, ఇది వింటే నిద్రపోతుందని డాక్టర్ చెప్పారు" అని తను నిద్రపోయింది. కుక్కపిల్ల నిద్రపోలేదు. అర్ధరాత్రి దాకా ఏడ్చింది. రెండు కావస్తుండగా ఉన్నట్టుండి ఏడుపు ఆపి, లేచి కూచుని, వీధి తలుపు వైపు చూడటం మొదలెట్టింది. నేనూ మంచం మీద లేచి కూచున్నాను. దానికేం కనిపించిందో నాకు తెలీదు. నాకు మాత్రం చిన్నప్పటి తలుపొకటి కనిపించింది. ఆ తలుపు సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా పిల్లకి తెలుగు చదవడం రాదు కనక ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. యుద్ధం రోజులు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, లోకోషెడ్డుకి దగ్గరగా మా క్వార్టరు. రెండు గదులు, ముందు చిన్న వరండా, వరండాకి మూడు మెట్లు. నాన్న గూడ్సుబండి డ్రైవరు. శత్రువుల విమానాలు వస్తాయని వీధి దీపాలకు నల్లరంగు పూశారు. బిలాస్‌పూర్ దాకా రావడానికి ఏ విమానానికీ తీరిక లేకపోయింది గాని, ఆ చీకటి మాత్రం మాకు మిగిలింది. చలికాలంలో మంచూ బొగ్గుపొగా కలిసి కాలనీ మీద కూచునేవి. షెడ్డులో ఇంజన్లు రాత్రంతా బుసకొట్టేవి, యార్డులో వేగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు మంచం కోళ్ల దాకా వచ్చేది. అమ్మ పురిటికి శ్రీకాకుళం వెళ్లింది. ఇంట్లో నేను, నాన్న, నాన్న వాళ్లమ్మ, అంటే మా మామ్మ.

మామ్మ కొడుకు దగ్గరకి కాపురం వచ్చినప్పుడు ఊర్నించి తెచ్చుకున్న సామాను ఒక ట్రంకుపెట్టె, ఒక కత్తిపీట, బోలెడన్ని భయాలు. పెట్టెకి చిలుం పట్టింది, కత్తిపీట మొద్దుబారింది, భయాలు మాత్రం ఆవిడ రోజూ తుడుచుకునేది కనక కొత్తవిలా ఉండేవి. వాటిలో పెద్దది రాత్రి పిలుపు. పొద్దు గూకాక బయటినించి ఎవరు పేరు పెట్టి పిలిచినా ఒకటికీ రెండుకీ పలక్కూడదు. "గాలికి రెండుసార్లే పిలిసే సత్తవ ఉంటాది. మూడోసారి పిలిసేది మనిసే" అనేది. ఊళ్లో ఈ నియమం ఎవరికీ అడ్డురాదు. రైల్వే ఇంట్లో అలా కాదు. డ్రైవరుని అర్ధరాత్రి ఇంటికొచ్చి పిలుస్తారు. బండి బయల్దేరడానికి రెండు గంటల ముందు షెడ్డు నుంచి కాల్‌బాయ్ వస్తాడు, పిలుస్తాడు, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోతాడు.

కాల్‌బాయ్ అంటే పిల్లాడనుకునేరు. మా కాల్‌బాయ్‌కి అరవై దగ్గర పడ్డాయి. రైల్వే పెట్టిన పేరు కాబట్టి బాయ్‌గానే ముసలివాడయ్యాడు. పిల్లలందరం కకా అనేవాళ్లం, ఆ దేశపు భాషలో బాబాయి అన్నమాట. మోకాళ్లు దాటిన పాత కోటు, సగానికి నల్లకాగితం అంటించిన లాంతరు, చంకలో పుస్తకం, దానికి పురికొసతో కట్టిన పెన్సిలు, వెనకాల ఒక గోధుమరంగు కుక్క. ముందు లాంతరు మెట్టు మీద పెట్టేవాడు. "డ్రైవర్ బాబూ" అని ఒకసారి పిలిచి, మెట్టు మీదే కూచుని దగ్గేవాడు. రెండోసారి పిలిచి బీడీ వెలిగించేవాడు. మూడోసారి పిలిచాక లోపల్నించి మామ్మ "ఇంక ఎల్లు" అనేది. నాన్న తలుపు తీసి "అచ్ఛా, వస్తన్నాను" అని సంతకం పెట్టేవాడు. తక్కిన ఇళ్లలో ఒక్క కేకతో పని అయిపోయేది. మా ఇంటి దగ్గర మూడు కేకలు. అయినా కకా ఏనాడూ విసుక్కోలేదు. "మాయీ చెప్పింది, మూడుసార్లు" అని తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో నవ్వేవాడు.

ఆ పుష్యమాసం రాత్రి కూడా లాంతరు పెట్టిన చప్పుడు విన్నాను. "డ్రైవర్ బాబూ" అన్నాడు. తర్వాత దగ్గు, ఎప్పటికన్నా చాలాసేపు. తర్వాత రెండో పిలుపు, సన్నగా, సగం మాట నోట్లోనే ఉండిపోయినట్టు. నాన్న లేచి కూచున్నాడు. మూడోదాని కోసం ముగ్గురం చీకట్లో చూస్తున్నాం. అది రాలేదు.

"గొంతు తేడాగుందే అమ్మా, సూస్తాను" అన్నాడు నాన్న.

"తేడాగుందనే సెప్తన్నాను. ఆడు కాడది. మూడోది రానీ" అంది మామ్మ.

బయట కుక్క సన్నగా మూలగసాగింది. "కుక్క ఏడస్తంది. మరి తలుపు ముట్టుకోకు" అంది. తలుపు కింద సందులోంచి లాంతరు వెలుగు పసుప్పచ్చగా, నులకతాడంత సన్నగా లోపలికి పడుతోంది. నేను దాన్నే చూస్తూ పడుకున్నాను. అది చాలాసేపు ఉంది. తర్వాత ఎర్రబడి, ఆరిపోయింది. అంతంత ఇంజన్లని నడిపే మనిషి తల్లి మాట దాటలేదు. ఇంటావిడ పురుడు నెత్తి మీద ఉంది, పక్కన పిల్ల ఉంది, ఆయనకీ భయమే వేసి ఉంటుంది.

తెల్లారి వాకిలి ఊడవడానికి తలుపు తీసింది మామ్మే. కకా మెట్టు మీద గోడకి చేరబడి కూచుని ఉన్నాడు. ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది, నాన్న పేరుకి ఎదురుగా సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. కుక్క ఆయన పాదం మీద తల పెట్టుకుని పడుకుంది. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరుగారు. ఎప్పుడు ఆగింది, వెంటనే పోయాడా, కాసేపు ఉన్నాడా అని మా ఇంట్లో ఎవరూ ఆయన్ని అడగలేదు. పిలుపు వినపడలేదని నాన్న షెడ్డులో చెప్పాడు. కాదనగల మనిషి లేడు కనక నమ్మారు. నాన్న నోట నేను విన్న మొదటి అబద్ధం అదే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, అందుకని మేం ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మామ్మ ఆ మెట్లు ఏడుసార్లు కడిగింది.

ఆ కుక్క మాత్రం కొన్నాళ్లు రాత్రుళ్లు ఒంటరిగానే ఇల్లిల్లూ తిరిగింది, కకా తిరిగిన దారినే. తర్వాత ఒకనాడు యార్డులో వేగన్ల కింద పడి చచ్చిపోయింది. కకాకి వెనకా ముందూ ఎవరూ లేరు. ఆయన మంచం కింద అది పెట్టిన పిల్లల్ని తలా ఒకటీ పట్టుకుపోగా ఒకటి మిగిలింది. నాన్న దాన్ని కోటులో పెట్టుకుని సాయంత్రం ఇంటికి తెచ్చాడు. అదే గోధుమరంగు. దాన్ని చూడగానే మామ్మ గోడ దాకా వెనక్కి జరిగింది.

"ఆ కుక్క కూనేనా?" అంది.

"దానికి మరెవులూ లేరే" అన్నాడు నాన్న, నేల వైపు చూస్తూ.

కుక్క వంటింట్లో దూరుతుందనీ, మడి మంటగలుస్తుందనీ, రాత్రి ఇంట్లో కుక్క ఏడిస్తే ఇంటికి కీడనీ మామ్మ చాలా చెప్పింది. అసలు కారణం మాత్రం చెప్పలేదు. నేను ఏడ్చి, అన్నం మానేసి, రాజీకి తెచ్చాను. మూడు రాత్రులు గడువు. మూడో రాత్రి కూడా అది ఏడిస్తే, పొద్దున్నే పాలు పోసే మంగ్లా పల్లె ఆయన సంచీలో వేసుకుపోతాడు. మంగ్లా అప్పట్లో ఊరికి దూరంగా, పొలాల మధ్య ఉండేది. సాయంత్రమైతే అటునుంచి నక్కల కూత వినిపించేది. అరచెయ్యంత ప్రాణి అక్కడ ఒక్క రాత్రి దాటదని నాకు ఖాయంగా తెలుసు.

మొదటి రాత్రి దేవదారు పెట్టెలో ఇంజను తుడిచే నూలుపీచు పరిచి, సిగ్డీ కుంపటి మీద ఇటుక కాచి, గుడ్డ చుట్టి పక్కన పెట్టాను. పాలు తాగింది, బొజ్జ నిండాక అందుకుంది ఏడుపు. వేలు నోట్లో పెట్టాను, పాట పాడాను, బతిమాలాను. మామ్మ గోడ వైపు తిరిగి పడుకుంది, నిద్రపోలేదని ఊపిరిని బట్టి తెలుస్తోంది. గోడ గడియారం రెండు కొట్టాక ఏడుపు ఠక్కున ఆగిపోయింది. పెట్టెలో నిలబడి, ముందుకాళ్లు అంచు మీద వేసి, తలుపు వైపు చూస్తూ తోక ఊపుతోంది. తెలిసిన మనిషి వస్తే ఊపినట్టు. తోక చెక్కకి తగిలి టప్ టప్ మంటోంది. ఆ వారం నాన్నకి షెడ్డులో పగటి డ్యూటీ. పిలవడానికి ఎవరూ రావలసిన పని లేదు. కాసేపయ్యాక అది తోక ఆపి, మళ్లీ ఏడ్చింది.

రెండో రాత్రి దాన్ని నా దుప్పట్లో పెట్టుకున్నాను. ముక్కు చల్లగా నా మెడకి ఆనించి, ఎక్కిళ్లు పెడుతూ ఉంది. సరిగ్గా ఆ వేళకే ఒళ్లు బిగించింది. దుప్పట్లోంచి జారి, గచ్చు మీద గోళ్ల చప్పుడు చేసుకుంటూ తలుపు దాకా వెళ్లి, కింద సందులో ముక్కు పెట్టి గట్టిగా వాసన పీల్చింది. అప్పుడు నాకు బీడీ వాసన వచ్చింది. వచ్చిందనే అనుకున్నాను, చిన్నదాన్ని, భయంలో ఏ వాసనైనా వస్తుంది. చీకట్లోంచి మామ్మ "గుంటా, నీకూ వచ్చిందేటి?" అని అడిగింది. నేను దుప్పటి తల మీదకి లాక్కున్నాను. కకా ఆ వేళకే గూడ్సు డ్రైవర్లని పిలవడం ముగించి గుడిసెకి వెళ్లేవాడనీ, వెంట తల్లికుక్క వెళ్లి పిల్లలకి పాలిచ్చేదనీ, దాని ఆకలికి ఆ వేళ గుర్తనీ పొద్దున నాన్న అన్నాడు. సబబైన మాటే. ఆ పగలంతా మామ్మ అన్నం ముట్టలేదు.

మూడో రాత్రి నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నాను, ఎవరికి ఏం మొక్కానో తర్వాత గుర్తులేదు. కుక్కపిల్ల సాయంత్రం నుంచే కుయ్యోమంటోంది. మంచు బాగా పట్టింది, యార్డులో కూడా ఎందుకో చప్పుడు లేదు. గడియారం రెండు కొట్టింది. కుక్కపిల్ల ఏడుపు ఆపి తలుపు దగ్గరికి వెళ్లి కూచుంది. తోక నేలకి కొట్టుకుంటోంది. అప్పుడు మెట్టు మీద లాంతరు పెట్టిన చప్పుడు అయింది. ఇది నేను విన్నాను. వినలేదని ఎవరైనా అంటే వాదించను, కానీ విన్నాను. పిలుపు లేదు. ఎవరూ కదల్లేదు.

మామ్మ మంచం కిర్రుమంది. ఆవిడ లేచి, గోడ పట్టుకుంటూ వెళ్లి, ఒక్క పిలుపైనా రాకముందే గడియ తీసి తలుపు బార్లా తెరిచింది. బయట ఎవరూ లేరు. మంచు తెల్లగా గుమ్మం దాకా వచ్చి ఆగింది. మెట్లు ఖాళీగా ఉన్నాయి.

"నాయనా," అంది మామ్మ ఆ మెట్ల వైపు చూస్తూ, ఎదురుగా ఉన్న మనిషితో అన్నట్టు, "మూడుసార్లు పిలవక్కర్లేదు నాయనా. ఇనిపించింది. ఆ రాత్రీ మొదటిసారే ఇనిపించింది. నువ్వేనని నాకు తెలిసింది. భయమేసి తియ్యలేదు."

గుమ్మం పట్టుకుని అలాగే కిందకి కూలబడిపోయింది. నాన్న ఎప్పుడు లేచాడో, ఆవిడ వెనకాల నిలబడి ఉన్నాడు. పగటి డ్యూటీ మనిషి, ఆ వేళ ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేదు. అయినా గొంతు సవరించుకుని, రోజూ అనే మాటే అన్నాడు: "అచ్ఛా, వస్తన్నాను." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఏడుస్తున్నాడని నాకు తెలిసింది. నాన్న ఏడవటం నేను చూడటం అదే మొదలు.

కుక్కపిల్ల గుమ్మం దాటి, మెట్టు మెట్టుకీ పొట్ట ఆనిస్తూ దిగి, కకా కూచున్న చోట గోడని వాసన చూసింది. అక్కడే తీరిగ్గా ఒంటికి పోసింది. మళ్లీ ఎక్కలేక కింద నిలబడి అరిస్తే మామ్మే వెళ్లి ఎత్తుకొచ్చింది. పెట్టెలో పెట్టలేదు. చీరకొంగులో చుట్టుకుని గుమ్మంలోనే కూచుంది. నేను తలుపు వెయ్యబోతే "ఒగ్గీ, ఉండనీ" అంది. కుక్కపిల్ల రెండు నిట్టూర్పులు విడిచి నిద్రపోయింది. తెల్లారేదాకా మళ్లీ కిక్కురుమనలేదు.

పొద్దున్నే మంగ్లా పాలాయన సంచీ తెచ్చుకుని మరీ వచ్చాడు. "ఏటి నాయనా, కుక్కపిల్లకా? అది మా ఇంటిది. నువ్వు పాలు కొలు" అంది మామ్మ. ఆ తర్వాత మా ఇంట్లో మూడు పిలుపుల నియమం ఉందని ఎవరూ అనలేదు. కొత్తగా వచ్చిన కాల్‌బాయ్‌కి మా ఇల్లంటే హడలు. అతను నోరు తెరవకముందే కుక్క తోక కొట్టేది, మామ్మ తలుపు తీసి నిలబడేది. పుస్తకం కింది మెట్టు మీంచే చెయ్యి చాచి అందించేవాడని నాన్న చెప్పేవాడు. మామ్మ ఉన్నన్నాళ్లూ ఆ కుక్క ఆవిడ మంచం కిందే పడుకుంది.

ఇప్పుడు నేను మామ్మ పోయినప్పటి వయసు దాటేశాను. నాన్నా లేడు, క్వార్టర్లు కొట్టేసి కొత్తవి కట్టారు, ఆ మెట్లు ఏ చెత్తకుప్పలో కలిశాయో. ఇన్నేళ్లలో పెళ్లి, పురుళ్లు, చావులు, ఎన్నెన్ని రాత్రులో గడిచిపోయాయి, ఒకదానికొకటి తేడా తెలియకుండా కలిసిపోయాయి. తలుపు కింద వెలుగు ఆరిపోయేదాకా మేం ముగ్గురం కదలకుండా పడుకున్న ఆ కాసేపు మాత్రం నాకు ఇంకా తెల్లారలేదు.