ఎస్తేరు నవ్వుకు మూడు ఊళ్ళ తీర్పు

కోదాడకూ సూర్యాపేటకూ మధ్య, పట్టపగలు, నడుస్తున్న బస్సులో, ఈ రెండు చేతులతో నేనొక దయ్యాన్ని వెళ్ళగొట్టాను. అది పోతూ పోతూ కిటికీ అద్దం కూడా పగలగొట్టింది. నమ్మనివాళ్ళు చివరిదాకా చదవండి. నమ్మినవాళ్ళు మరీ తప్పకుండా చదవండి.

ప్రయాణానికి కారణం మా తమ్ముడి కూతురు ఎస్తేరు. మాడుగులపల్లిలో కుట్టుమిషను పెట్టుకొని సగం ఊరి జాకెట్లు కుడుతుంది. ఆదివారం మా మందిరంలో పాట ఎత్తుకునేదీ ఆమే. పోయిన వారం శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మా పాస్టరు గారు పొరుగూరి నుంచి వచ్చిన ఒకామె తల మీద చెయ్యి పెట్టి దయ్యాన్ని గద్దిస్తున్నాడు. ఉన్నట్టుండి ఎస్తేరు నవ్వడం మొదలుపెట్టింది. చాప మీద దొర్లుతూ, కళ్ళ నీళ్ళు కారుతూ, పావుగంటకు పైగా నవ్వింది. పొరుగూరామె శాంతించింది, మా పిల్ల శాంతించలేదు. ఇంకేం, ఆమెలోంచి వెళ్ళింది ఈమెలో దూరిందని అందరూ తేల్చేశారు.

అయితే ఎస్తేరు బాప్తిస్మం తీసుకొని పదిహేనేళ్ళు. విశ్వాసిలో దయ్యం కాపురం పెట్టగలదా? పెడితే ఆ బాప్తిస్మం ఏమైనట్టు? మా పాస్టరు గారు వయసులో చిన్నవాడు. ఎటూ చెప్పలేక, "కోదాడ అయ్యగారినీ, సూర్యాపేట అయ్యగారినీ అడిగి రండి. అప్పటిదాకా ఆమె బల్ల ముట్టొద్దు, పాట ఎత్తొద్దు" అన్నాడు. అయ్యగార్లంటే ఆ ఊళ్ళ పెద్ద పాస్టర్లు. బల్ల అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల. మళ్ళీ ఆదివారమే అది. ఈలోగా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, కుట్టడానికిచ్చిన గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. దయ్యం పట్టిన చేతులతో కుట్టిన జాకెట్టు ఎవరు తొడుక్కుంటారు?

సంఘ పెద్దను కాబట్టి వెంట వెళ్ళే పని నా మీద పడింది. ఇంకో కారణం కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

శనివారం ఉదయం ఆరుంబావుకు బయల్దేరాం. ఏడుకల్లా మిర్యాలగూడ బస్టాండు. అక్కడ నాలుగు ఇడ్లీలు తిన్నాను. ఎస్తేరు చాయ్ మాత్రం తాగింది. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే బస్సు ఏడూ నలభైకి వచ్చింది. నా వెనక ఇదే దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమని సున్నా టికెట్టు వచ్చాక ఈ బస్సులో కాలు పెట్టే చోటుండదు. ఒక బస్సు ముందే చూసుకోండి.

కాలు మోపే చోటు లేనప్పుడే నాకు బుద్ధి వంకరగా పనిచేస్తుంది. గొంతు పెంచి, "జర జరుగుండ్రమ్మా, ఈ పిల్లకు దయ్యం పట్టింది, కోదాడకు తోల్కపోతున్న" అన్నాను. నిజంగానే మూడు సీట్లు ఖాళీ అయ్యాయి. కిటికీ పక్క నేను కూర్చున్నాను. ఒక్కామె మాత్రం కదల్లేదు. నిడమనూరు ఆమెట, ఒళ్ళో గోంగూర మూట.

"మీరు లేవరా అమ్మా?" అన్నాను.

"దయ్యమైతే నాకేంది తాతా? ముప్పై ఏండ్లు మా అత్తతోని ఒక్క ఇంట్ల ఉన్న. గా దయ్యమే నన్ను జూసి లేవాలె."

బస్సంతా నవ్వింది. ఎస్తేరు నవ్వలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బయటికి చూస్తోంది. వారం రోజులుగా ఆ పిల్ల నవ్వడానికి భయపడుతోందని నాకప్పుడు అర్థమైంది. కాసేపటికి నా చెవి దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"పెద్దనాయినా, నిజం చెప్పు. నా లోపల ఏమన్న ఉన్నదా?"

"అయ్యగారు చెప్తరు బిడ్డా" అన్నాను. చేతిలో ఉన్న టికెట్టునే జేబులో వెతకడం మొదలుపెట్టాను.

తొమ్మిదిన్నరకు కోదాడలో దిగి ఆటో ఎక్కాం. అయ్యగారు ఎనభై దాటిన మనిషి. ఇంటి ముందు బెండ మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. అంతా విని పైపు పక్కన పడేశారు.

"అమ్మాయ్, ఈ ఇల్లు ఎవరిది?"

"మీదే అయ్యగారూ."

"నా పేరున రిజిస్ట్రీ అయింది. ఇప్పుడు ఎవడో వచ్చి ముందు గదిలో మంచం వేసుకుంటానంటే ఒప్పుకుంటానా? నీ సంగతీ అంతే. నిన్ను కొన్న ప్రభువు లోపల ఉండగా ఇంకొకడు కాపురం పెట్టలేడు. వీధిలో నిలబడి కేకలేస్తే వేస్తాడు గానీ. భయపడకు. టిఫిన్ చేశారా?"

ఎస్తేరు ముఖంలో కొంచెం వెలుగొచ్చింది. అంతలో ఆయనే, "మరి ఆ నవ్వెందుకు వచ్చిందమ్మా?" అన్నారు.

ఎస్తేరు నావైపు చూసింది. నేను బెండ మొక్కల వైపు చూశాను.

"తెలియదయ్యగారూ" అంది.

అమ్మగారు ఉప్మా పెట్టారు. పైన ఆవకాయ. తింటుంటే అయ్యగారు, "సూర్యాపేటలో ఆయన నాకు అడ్డం చెబుతాడు చూడండి. ముప్పై ఏళ్ళుగా ఇదే మాట మీద పోట్లాడుకుంటున్నాం. ఆయనతో పోట్లాడకపోతే నాకు అన్నం సయించదు" అన్నారు.

పదకొండున్నరకు సూర్యాపేట బస్సు. హైవే మీద హాయైన ప్రయాణం, సీట్లు ఖాళీ. నేను దయ్యాన్ని వెళ్ళగొట్టానన్నది ఈ బస్సులోనే. ఇక ఒప్పుకోవాలి. ఈ బస్సులో నేను వెళ్ళగొట్టింది నా మెడ మీద వాలిన ఈగను ఒక్కదాన్నే. కిటికీ అద్దం పగిలిందన్నది కూడా అబద్ధం. ఆ కిటికీకి అసలు అద్దమే లేదు. మునగాల దాటేదాకా ఒక నిజం చెబుదామని నోరు తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. "దాహమైతున్నదా పెద్దనాయినా?" అని ఎస్తేరు నీళ్ళ బాటిలిచ్చింది.

పన్నెండూ ముప్పావుకు సూర్యాపేట. ఇక్కడి అయ్యగారు కొంచెం చిన్నవారు, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. కోదాడ మాట చెప్పగానే తొడ మీద చరిచారు.

"రిజిస్ట్రీ అయిన ఇంట్ల దొంగలు వడరా? తలుపు తెరిచి పెట్టి పంటే ఎవడైనా దూరుతడు. పగ పెట్టుకున్నా, అబద్ధం దాసుకున్నా గదే తెరిచిన తలుపు. విశ్వాసి అయితే మాత్రం? ఏం బిడ్డా, ఎవరి మీదన్న పగున్నదా?"

"లేదయ్యగారూ."

"ఏమన్న దాస్తున్నవా?"

ఎస్తేరు తలదించుకుంది. ఆయనకు అనుమానం బలపడింది. నూనె తెప్పించి ఆమె నుదుట రాశారు. చుట్టూ ఇంటివాళ్ళు మోకరించారు. నేను గోడకానుకొని కళ్ళు మూసుకున్నాను. పొద్దున్నే లేచిన ఒళ్ళు, పైన ఉప్మా. ఆయన ప్రార్థన మెల్లగా మొదలై పెద్దదైంది. ఎంతసేపైందో తెలియదు. ఇల్లు అదిరేలా ఒక్క కేక వినిపించింది.

"లే! బయటికి నడువ్!"

నేను లేచాను. గుమ్మం దగ్గర చెప్పులు చేతబట్టుకొని బయటికి నడిచాను. వాకిట్లో ఎండ మొహాన కొట్టేసరికి మెలకువొచ్చింది. లోపల ఎస్తేరు నవ్వు వినిపించింది. శుక్రవారం నవ్విన నవ్వే. ఆగడం లేదు.

తిరిగి వెళ్ళేసరికి అయ్యగారు నూనె గిన్నె పట్టుకొని నన్నే చూస్తున్నారు. ఇక దాచే వీల్లేదు.

"అయ్యగారూ, మిర్యాలగూడ రైసు మిల్లుల ముప్పై ఏండ్లు గుమాస్తాగ చేసిన. పగటీలి కునుకు తీస్తే మా సావుకారి 'లే, బయటికి నడువ్' అని మొత్తుకునేటోడు. లేసి చెప్పులు వట్టుకొని మిల్లు చుట్టు ఒక చక్కరు కొట్టి రావాలె. నిద్రలనే అలవాటైపోయింది. పోయిన వారం శుక్రవారం గూడ గిట్లనే అయింది. పాస్టరు గారు దయ్యాన్ని పొమ్మన్నడు, నేను పోయిన. అందరు కండ్లు మూసుకున్నరు, ఈ పిల్ల ఒక్కతే జూసింది."

"ఉపవాస ప్రార్థనల నిద్ర ఎట్ల వట్టిందయ్యా? కడుపుల మంట ఉండాలె గదా?"

ఇది నేననుకోని ప్రశ్న. "వచ్చే ముందల మూడు సర్వపిండి రొట్టెలు తిన్న" అన్నాను.

ఆ ఇంట్లో మొదట నవ్వింది ఎవరో తెలియదు. చివరికి అయ్యగారు గోడ పట్టుకొని నవ్వారు. తేరుకొని ఎస్తేరును అడిగారు.

"నువ్వెందుకు చెప్పలేదమ్మా ఇన్ని దినాలు?"

"చెప్తే పెద్దనాయిన పెద్దరికం పోతది గదా అయ్యగారూ. ఉపాసమని చెప్పి తిన్నడని, నిద్రపోయిండని నలుగురు అంటరు. నవ్వు ఎందుకొచ్చిందో నాకెరుకే. ఎందుకు ఆగలేదో ఎరుక లేదు. అందుకే భయమైంది."

"ఎన్ని దినాల ఉపాసమున్నవ్?"

"మూడు."

"మూడు దినాలు తినకుంటె నవ్వొచ్చినా ఆగదు, ఏడుపొచ్చినా ఆగదు. ముందు అన్నం తిను." ఆయన నావైపు తిరిగారు. "దయ్యం ఈమె లోపల లేదు పెద్దమనిషీ. పక్కన కూసున్నది. రేపు సంఘంల నిలవడి ఇదంత నువ్వే చెప్పాలె, సర్వపిండితో సహా. చెప్పినంకనే ఆమె పాట, ఆమె బల్ల."

ఆయన అక్కడికక్కడే మా పాస్టరుకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పారు. తర్వాత కోదాడకు చేశారు. "నేను చెప్పలేదూ, దూరలేదని!" అని అటునుంచి కేక. "ఈమెల దూరలేదన్న, ఎవర్లనూ దూరదని అన్లే!" అని ఇటునుంచి కేక. అన్నం, పప్పుచారు, ఆమ్లెట్టు తినేదాకా వాళ్ళ పోట్లాట ముగియలేదు. ఎస్తేరు రెండోసారి అన్నం పెట్టించుకుంది.

మూడింబావుకు మిర్యాలగూడ బస్సు. మూసీ దాటాక రెండువైపులా నాటు వేసిన మళ్ళు, గాలికి అలలు అలలుగా పచ్చదనం. ఎస్తేరు రేపటి పాటను లోలోపల కూనిరాగం తీస్తోంది, మధ్యలో నన్ను చూసి నవ్వుతోంది, ఆ నవ్వును కొంగుతో మూయడం లేదు. విశ్వాసిలో దయ్యం దూరుతుందా లేదా అన్నది ఇద్దరు పెద్దలూ ఇంకా తేల్చలేదు, తేలుస్తారని నాకు నమ్మకమూ లేదు. రేపు పొద్దున సంఘం ముందు నిలబడాలని తలుచుకుంటే భయంగానే ఉంది గానీ, ఇంత తేలికగా బస్సులో కూర్చుని చాలా కాలమైంది.

ఆ తేలికలోనే పాత బుద్ధి లేచింది. పక్క సీటులో హాలియా రైతు ఒకాయన, "యాడికి పోయొస్తున్నవ్ పెద్దాయనా?" అని అడిగాడు.

"ఏం చెప్పమంటవ్. ఈ పిల్ల మీద దయ్యముంటే సూర్యాపేటల వెళ్ళగొట్టుకొని వస్తున్న" అన్నాను.

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "నిజంగ బయటికి పోయిందా?"

నేను జవాబు చెప్పేలోగా ఎస్తేరు ఇటు తిరిగింది.

"దయ్యం గియ్యం ఏం లేదన్నా. బయటికి పోయింది మా పెద్దనాయిన. రెండుసార్లు."