జిగురు కణాలు, వెయ్యి బీడీలు

2011లో, కామారెడ్డిలో డిగ్రీ చదువుతుండగా మాకు మెదడు పాఠం జరిగింది. పుస్తకంలో నాడీకణాలకు ఆరు పేజీలు, వాటి చుట్టూ ఉండి వాటిని సాకే కణాలకు ఆరు లైన్లు. వెనకటివాళ్లు వాటిని వట్టి జిగురు అనుకున్నారట. మా సారు పుస్తకం మూసి చెప్పాడు: రక్తంలోని చక్కెరను నాడీకణాలకు అందించడంలో వీటికి పాత్ర ఉంది, కాస్త దాచిపెడతాయి కూడా, ఒంట్లో ఆకలినీ చక్కెరనూ అదుపులో పెట్టడంలో వీటి చెయ్యి ఉందని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఇది పరీక్షలో రాదని కూడా అన్నాడు. అందుకే నాకు గుర్తుండిపోయింది.

ఆ శనివారం ఎల్లారెడ్డి పోయాను. మేం అమ్మను అవ్వ అంటాం. అవ్వ బీడీలు చుడుతుంది. ఆ ఏడే షుగరు బయటపడింది. గోలీ వేసుకున్న వెంటనే తినాలని డాక్టరు చెప్పాడు. నేను పోయేసరికి అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది.

"గోలీ ఏసుకున్నవా?"

"పొద్దుగాలనే ఏసుకున్న."

"మరి బువ్వ?"

"వెయ్యి అయినంక తింట. లేస్తే ఆకు ఎండిపోతది. చేతులకు తంబాకు, ఎంత కడిగినా బువ్వ చేదే."

ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టే ఏ ఇంట్లోనైనా ఇదే మాట వినిపిస్తుంది. నాలుగు మంచి మాటలు చెప్పాల్సిన చోట నేను జోకు వేశాను.

"ఫికర్ చెయ్యకవ్వా. నీ మెదడుల పనోళ్లున్నరు. నువ్వు తినకున్నా, దాచిన చక్కెర తీసి ఆళ్లే పెడ్తరు."

అవ్వ నవ్వింది. పక్కనే బీడీలు చుడుతున్న పక్కింటి అత్త కూడా నవ్వింది. "కాలేజీల చదివెటోడు చెప్తుండు. ఇగ నీకు వంట పని తప్పింది."

ఇద్దరు నవ్వితే నాకు సభ నిండినట్టే. సంతోషంగా బస్సెక్కాను.

రెండు వారాలకు అత్త ఫోన్ చేసింది. "మీ అవ్వ చాట మీదనే పడ్డది. దవాఖానకు తీసుకపోతున్నం."

సినిమాల్లో ఇలాంటప్పుడు వాన పడుతుంది. నాకు బస్సులో పక్క సీట్లో కోళ్ల గంప దొరికింది. ఎల్లారెడ్డి చేరేదాకా ఆ కోళ్లు నన్నే చూశాయి, ఏం చేశావురా అన్నట్టు.

దవాఖానలో అవ్వకు గ్లూకోజు ఎక్కుతోంది. కళ్లు తెరిచే ఉంది. అత్త వరండాలోకి పిలిచి చెప్పింది. "చెమటలు, వణుకుడు, ఏదేదో మాట్లాడింది. నేను చక్కెర నోట్లె పోద్దామంటే అందరు వద్దన్నరు, షుగరున్నోళ్లకు చక్కెర విషమని." గోలీ వేసుకుని తినకపోతే ఉన్న చక్కెర కూడా పడిపోతుందనీ, ఇంకాస్త ఆలస్యమైతే పరిస్థితి చేతిలో ఉండకపోయేదనీ డాక్టరు అన్నాడట.

లోపలికి పోయి మంచం పక్కన కూర్చున్నాను.

"ఎన్ని రోజుల సంది గిట్ల చేస్తున్నవు?"

"నువ్వు చెప్పిన కాడి సంది," అంది అవ్వ. "అంతకుముందు భయమైతే నడుమ లేసి రెండు ముద్దలన్న తింటుంటి. లోపట పనోళ్లున్నరంటివి గద. ఇగ లేసుడెందుకని."

ఎవరి మీదా కోపం లేకుండా, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. సారు "కాస్త" దాచిపెడతాయన్నాడు. ఆ "కాస్త"ను నేను కామారెడ్డి బస్టాండులోనే వదిలేసి వచ్చాను.

"నిజం చెప్పు. ఉన్నరా, లేరా?"

"ఉన్నరవ్వా. ఆళ్ల దగ్గరున్నది జరంతే. అది ఎంబడే అయిపోతది. ఆళ్లకు గూడ నువ్వే పెట్టాలె."

"గట్లనా," అంది. అంతలోనే, "ఇంట్ల ఆకు తడిపి ఉన్నది, ఎండిపోతదేమో," అంది.

అప్పటినుంచి రోజూ పొద్దున ఫోన్ చేస్తాను.

"పనోళ్లు తిన్నరా?"

"తిన్నరు బిడ్డా, కడుపునిండ తిన్నరు," అంటుంది.

వెనక నుంచి ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.