మావయ్య వద్దన్న సీటు

ఆ రోజుల్లో ప్రపంచం అంతమైపోతుందని గట్టిగా నమ్మినవాళ్ళ పుణ్యాన నాకు ఉద్యోగం దొరికింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయనీ, విమానాలు రాలిపోతాయనీ, బ్యాంకుల్లో డబ్బు ఆవిరైపోతుందనీ జనం భయపడుతుంటే, ఆ భయానికి మందు వేసే వైద్యుల్లో ఒకడిగా నేను సిడ్నీలో దిగాను. నా వైద్యం ఎంతటిదంటే, ఒక ఇన్సూరెన్సు కంపెనీ పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలు ఉన్న చోటల్లా నాలుగంకెలు చేయడం. (పెళ్ళిసంబంధాలవాళ్ళతో మా నాన్న మాత్రం "అక్కడి కంపెనీలన్నీ మావాడి చేతిమీదే నడుస్తున్నాయి" అనేవాడు.) చేరిన మొదటి రోజే పక్క సీటాయన లేస్తూ "నీకూ కాఫీ తేనా?" అని అడిగాడు. మర్యాద తెలిసినవాడిని కనుక "అబ్బే, వద్దండీ" అన్నాను. ఆయన సరేనని వెళ్ళి, తనకొక్కడికే తెచ్చుకుని, నా ఎదురుగా కూర్చుని చివరి చుక్కదాకా తాగాడు. మా వైపు ఎవరైనా ఆ పని చేస్తే రెండు కుటుంబాల మధ్య రాకపోకలు ఆగిపోతాయి. ఈ దేశంలో వద్దంటే నిజంగానే వదిలేస్తారని ఒంటబట్టేసరికి నాకు ఓ చలికాలం గడిచిపోయింది.

నేను అద్దెకున్నది సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్ దగ్గర, ఫిజీ మావయ్య ఇంటి పెరట్లో ఉన్న ఒంటిగదిలో. మావయ్య తాతగారు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఫిజీ చెరుకుతోటల్లో పనికి వెళ్ళినవాడు. మావయ్య ఆంధ్రదేశం మొహం చూడలేదు. ఫిజీలో గొడవలయ్యాక అత్తయ్యను వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చి సిటీ బస్సు నడుపుతున్నాడు. ఆయన తెలుగంతా వాళ్ళ నాయనమ్మ నోటి నుంచి దిగినది. మధ్యలో మాట తడితే ఫిజీ హిందీ, అదీ తడితే ఇంగ్లీషు. మొదటి రోజు నేను అలవాటు చొప్పున "అంకుల్" అనగానే ఆయన మొహం ముడుచుకున్నాడు. "అంకులేటి బాబూ? నాను బస్సులో ఎక్కించుకునే పిల్లలంతా అంకులే అంటారు. నువ్వు తెలుగు దేశం నుండొచ్చినావు, మావా అనడానికి నోరు రాదేటి?" అన్నాడు. ఆ రోజు నుంచీ ఆయన నాకు మావయ్యే. మూడు తరాల్లో ఆయన భాష సగం సముద్రంలో కలిసిపోయింది కానీ, మన మొహమాటం మాత్రం చెక్కుచెదరకుండా ఒడ్డు చేరింది. ఆ సంగతి తెలియడానికి ఒక ఎన్నిక రావలసి వచ్చింది.

మా ప్రాంతం నుంచి రాష్ట్ర శాసనసభకు ఎన్నికవుతూ వచ్చిన పెద్దాయనకు మోకాళ్ళు అరిగిపోయి, ఇక పోటీ చెయ్యనని ప్రకటించాడు. మన దగ్గరైతే టికెట్టు కోసం హైదరాబాదుకో ఢిల్లీకో పరుగెత్తాలి. ఇక్కడ అలా కాదు. అభ్యర్థి ఎవరో పేటలోని పార్టీ సభ్యులంతా ఒక హాల్లో చేరి, వాళ్ళలో వాళ్ళే ఓట్లేసుకుని తేల్చుకుంటారు. ఆ పోటీకి దిగుతారని మూడు పేర్లు వినబడ్డాయి. ఒకరు తెల్ల లాయరు, ఎప్పుడు చూసినా ఎటో వెళ్ళే తొందరలో ఉండేవాడు. రెండోవాడు నవాబ్ భాయ్. హైదరాబాదు పాతబస్తీ మనిషి. స్టేషను ఎదురుగా హలాల్ మాంసం కొట్టు పెట్టి, పక్కనే ఫోను కార్డులు కూడా అమ్మేవాడు. మా జీతాల్లో పెద్ద వాటా ఇండియాకు ఫోన్ల రూపంలో ఆయన గల్లాపెట్టెలోకే చేరేది. మూడోవాడు, ఎవరూ ఊహించని విధంగా, మా మావయ్య.

"నీకెందుకు మావా ఈ రాజకీయాలు?" అని ఒక ఆదివారం అడిగాను. ఆయన కారు కడుగుతున్నవాడల్లా పైపు కట్టేశాడు. "అక్కడ ఫిజీలో నానూ ఓటేసినాను బాబూ. మావోళ్ళే గెలిసినారు. నెల తిరిగిందో లేదో తుపాకులట్టుకుని సైన్యం సభలోకొచ్చీసినాది. గెలిసినోళ్ళని బండెక్కించి అట్టుకెల్లిపోనారు. నానేసిన ఓటు ఏటయిపోనాదో నాకిప్పటికీ తెల్దు. అందుకే ఓ పాలి నానే నిలబడాల. మంది ఓటెయ్యాల, లెక్కెట్టాల. సూడాల" అన్నాడు. మళ్ళీ పైపు తిప్పి, అప్పటికే మెరుస్తున్న చక్రాన్ని చాలాసేపు కడిగాడు. నేను రెండో చక్రం తుడిచాను.

పార్టీలో చేరడానికి పౌరసత్వం అక్కర్లేదనీ, మీటింగులకు వస్తే చాలనీ చెప్పి నన్నూ సభ్యుణ్ణి చేశారు. ప్రచారానికి మావయ్య వెంట నేను తిరిగాను. ప్రచారమంటే ఏమిటంటే, సభ్యుల ఇళ్ళకు వెళ్ళడం, వానల గురించి మాట్లాడడం, వాళ్ళు పెట్టింది తినడం, లేచి రావడం. ఓటు మాట మాత్రం ఎత్తేవాడు కాదు. "అడగవేం మావా?" అంటే "అన్నం ఎట్టినోళ్ళని ఓటు కూడా అడుగుతామేటి, సిగ్గు లేకుండా?" అనేవాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మావయ్యకు మాత్రం అందరూ అడగకుండానే పెట్టేవారు, అదే వచ్చిన చిక్కు. అటు నవాబ్ భాయ్ తన కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ ఓ కీమా పొట్లం ఎక్కువ తూచి, "అల్లా దయ, మీ అభిమానం" అని ఊరుకునేవాడట. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు ఎత్తేవారు కాదు. మన ఓట్లు చీలి లాయరు గెలుస్తాడని అత్తయ్య దిగులు. మా ఆఫీసులో ప్రపంచం అంతం గురించి ఎంత చర్చ జరిగేదో, మా పెరట్లో ఆ చీలిక గురించి అంత జరిగేది.

ఆ రోజు రానే వచ్చింది. స్కౌట్ల హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, మూలన టీ నీళ్ళు కాగే పెద్ద డబ్బా. మావయ్య బస్సు యూనిఫారం వదిలి సూటు వేసుకొచ్చాడు. నవాబ్ భాయ్ షేర్వాణీలో పెళ్ళికొడుకులా ఉన్నాడు. అధ్యక్షురాలు ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. కళ్ళజోడు మీంచి చూస్తే అందరం వీపులు నిటారుగా పెట్టుకునేవాళ్ళం. పేరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, ఆ మనిషి ఒప్పుకున్నానని చెప్పాలి, తర్వాత ప్రసంగం, ఆ తర్వాత ఓట్లు. అదీ పద్ధతి. నేను లేచి మావయ్య పేరు చెప్పాను. ఆయనతో పనిచేసే ఇంకో డ్రైవరు బలపరిచాడు. అధ్యక్షురాలు మావయ్య వైపు తిరిగి, "పోటీకి ఒప్పుకుంటున్నారా?" అని అడిగింది.

మావయ్య లేచి రెండు చేతులూ జోడించాడు. మొహం వెలిగిపోతోంది. "నో నో మేడమ్, నేను చాలా చిన్నవాణ్ణి. ఇక్కడ నాకన్నా పెద్దలున్నారు. మా నవాబ్ భాయ్ ఉన్నారు. నాకెందుకు ఇదంతా?" అని ఇంగ్లీషులో అని, చిరునవ్వుతో కూర్చుని, కోటు సర్దుకుని ఎదురుచూశాడు. (తెలుగువాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. ఇది ఒప్పుకోవడంలో మొదటి మెట్టు. రెండోసారి అడిగితే "మీరంతగా అంటుంటే..." అంటాం. మూడోసారికి విస్తరి ముందు కూర్చుంటాం.)

"మంచిది, ధన్యవాదాలు" అని ఆవిడ మావయ్య పేరు కొట్టేసింది.

నేను అదిరిపడి లేచాను. "మేడమ్, ఆయన ఉద్దేశం అది కాదు..." అంటుంటే, మావయ్య నా చొక్కా పట్టి కిందికి లాగాడు. "కూసో బాబూ. తొందరేటి? ఇంకో పాలి అడుగుతాది" అన్నాడు గుసగుసగా. ఆవిడ అడగలేదు. నవాబ్ భాయ్ పేరు పిలిచింది. ఇప్పుడిక దారి సాఫీ కదా, ఎగిరి గంతేస్తాడనుకున్నాను. కానీ పరాయివాళ్ళ మధ్య, అంత నిండు సభలో తనను పెద్దవాడన్న మనిషి పక్కనే ఉండగా, ఆ హైదరాబాదు మనిషి సరేనని ఎలా అంటాడు? గుండెమీద చెయ్యి వేసుకుని సగం వంగాడు. "మేడమ్, ముందు వారు. వారు కూర్చుని ఉండగా నేను నిలబడితే మా తల్లిదండ్రుల పెంపకానికే మచ్చ" అన్నాడు. "ఆయన తప్పుకున్నాడుగా. మీరు ఉన్నట్టా, లేనట్టా?" అని ఆవిడ. "వారి తర్వాతే నేను" అని ఈయన. ఆవిడ కలం మళ్ళీ అడ్డంగా కదిలింది. లాయరును అడిగితే ఒక్క ముక్కలో "యెస్" అన్నాడు. పోటీ లేదు కాబట్టి ఓట్లూ లేవు. మూలన టీ నీళ్ళు ఇంకా కాగనే లేదు. మొహమాటానికి పోతే ఏదో అయిందని మనకో సామెత ఉంది. మిగతా సగం పెద్దలు పూర్తి చేసుకోగలరు.

కారులో ఇంటికి బయలుదేరాం. (బస్సు నడిపేది మావయ్యే అయినా ఇంటి కారుకు డ్రైవరు అత్తయ్య.) మలుపు తిరిగాక ఆవిడ ఇక ఆపుకోలేకపోయింది. "నీకు సీటు కావాలా ఒద్దా?" అంది. "కావాలే, ఎందుకొద్దూ!" అన్నాడు మావయ్య దీనంగా. "మూడో పాలి అడిగితే ఒప్పుకుందామనుకున్నా. ఇలాటి మనుసులేటి, ఒక పాలి అడిగి ఊరుకుంటారా?" నేను వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి నవ్వాపుకుంటున్నాను. అద్దంలో ఆయన మొహం కనబడేసరికి ఆ నవ్వు పోయింది. ఆరోజు ఆయన అన్నం తినలేదు, తినమని ఎంత బలవంతపెట్టినా.

లాయరు ఎన్నికలో గెలిచాడు. కానీ ఆరు నెలలు తిరక్కుండానే ఇంకెక్కడో పెద్ద పదవి దొరికి, మా సీటును ఎడమచేత్తో వదిలేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ మీటింగు అన్నారు. ఈసారి నవాబ్ భాయ్ తనే మా ఇంటికొచ్చాడు. "నేను నిలబడ్త లేను. నాకు కొట్టు సాలు. మీ పేరుకు నేనే సెకండ్ చేస్త. గనీ అన్నా, ఈసారి యెస్ అనుండ్రి. ఖుదాకీ కసమ్, ఒక్కటే మాట!" అని చేతులు పట్టుకున్నాడు. అది చెప్పినంత తేలికా? నేను హెడ్‌మిస్ట్రెస్‌లా కళ్ళజోడు పెట్టుకుని "ఒప్పుకుంటున్నారా?" అని అడిగేవాణ్ణి. మావయ్య ముందు చేతులు జోడించేవాడు, ఆపైన మెలికలు తిరిగేవాడు. "పెద్దలు నువ్వే అడుగుతుంటే..." అని ఏదో మొదలుపెట్టేవాడు. చివరికి అత్తయ్యే మందు కనిపెట్టింది. గిన్నెనిండా చేపల పులుసు తెచ్చి "ఎయ్యనా?" అని ఒక్కసారి అడిగేది. "సాల్లే" అన్నాడో, గిన్నె వంటింట్లోకి వెళ్ళిపోయేది. నాలాంటి పరాయివాడి కంచంలోకి ఆ ముక్కలు వచ్చి పడేవి. (ఆ శిక్షణ నా ఆరోగ్యానికి బాగా పనిచేసింది.) పాపం, ఆయన చాలా రోజులు ఒట్టి చారుతో సరిపెట్టుకున్నాడు. ఒక రాత్రి గిన్నె గుమ్మం దాటకముందే "యెస్!" అని కేక వినబడింది. అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయల వల్లనే అంది.

రెండో మీటింగులో ఈయనకు పోటీగా ఓ టీచరమ్మ నిలబడింది. చురుకైన మనిషి, అందరికీ తెలిసినది. అధ్యక్షురాలు మావయ్య పేరు చదివి ఇంకా ప్రశ్న మొదలుపెట్టకుండానే, ఆయన కుర్చీ వెనక్కి పడేలా లేచి "యెస్ మేడమ్!" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆవిడ కళ్ళజోడు మీంచి చూసి, తనూ నవ్వింది. ప్రసంగంలో తన బస్సు రూట్ల గురించి, ఏ స్టాపులో ముసలివాళ్ళు ఎండలో నిలబడతారో ఆ సంగతి మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. చీటీలు వేశాం. అధ్యక్షురాలు అందరి ముందూ బల్లమీద చీటీలు కుమ్మరించి, ఒక్కొక్కటీ విప్పి, పేరు చదివి, రెండు కుప్పలుగా పెట్టింది. మావయ్య దగ్గరగా వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని ఆ చేతులవైపే చూస్తూ నిలబడ్డాడు. టీచరమ్మ కుప్ప పెరిగింది. మావయ్య కుప్ప ఒక ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. టీచరమ్మ వచ్చి చెయ్యి కలిపింది. నవాబ్ భాయ్ మావయ్యను గట్టిగా కావలించుకుని, ముక్కు చీదుకుని, టీ తాగడానికి వెళ్ళాడు.

ఇంటికొచ్చే దారంతా నేను ఓదార్పు మాటలు కూడబెట్టుకున్నాను. గెలుపోటములు దైవాధీనాలు, ఓటమి గెలుపుకు మొదటి మెట్టు, ఇలాంటివి, పాతికేళ్ళవాడి దగ్గర దండిగా ఉంటాయి కదా. తలుపు తీయగానే మావయ్య కోటైనా విప్పకుండా ఫోను దగ్గరికి నడిచాడు. "లౌటోకాకి కలుపు. మీ సెల్లికి సెప్పాల, నానోడిపోయినానని" అన్నాడు. "ఓడిపోతే ఫోన్ సేసి సెప్పుకుంటారేటి!" అని అత్తయ్య విసుక్కుంటూనే కార్డు గీకి ఫిజీ నంబరు నొక్కింది. ఆయన రిసీవరు లాక్కున్నాడు. అవతల సముద్రం ఉంది కాబట్టి అరిచే మాట్లాడాడు.

"ఓడిపోయినానమ్మా! అవును, నానే! లెక్కెట్టినారు. నా కళ్ళ ముందరే లెక్కెట్టినారు. ఒక్కో సీటీ ఇప్పి, నా పేరున్నవి నా వేపు ఎట్టినారు. లేదమ్మా, ఎవులూ రాలేదు. ఎవులూ ఏటీ అనలేదు. అందరం టీ తాగి, ఇంటికొచ్చీసినాం."

అత్తయ్య గోడవైపు తిరిగి నిలబడింది. నేను గుమ్మంలో ఆగిపోయాను, కూడబెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే పెట్టుకుని. ఆయన తెగ నవ్వుతున్నాడు. ఓడిన మనిషి ఇలా నవ్వుతున్నాడేమిటి, మతిగానీ పోయిందా అనుకున్నాను. మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చాను. ఇప్పుడు ఎన్నికల రోజున బడి ఆవరణలో వరసలో నిలబడి, ఇంత ఎండలో ఈ పని అవసరమా అని గొణుక్కుంటున్నప్పుడు ఆ కుర్రాడు గుర్తొస్తాడు. చేతిలో నీళ్ళగ్లాసుతో, గెలిచిన మనిషిని ఓదార్చడానికి నిలబడ్డవాడు.