సుఆద్ ఓటు కోసం ఖతీఫ్ నుంచి రియాద్‌కి

నేను ల్యాబ్‌లో పనిచేసే ఆసుపత్రిలోనే సుఆద్ నర్సు. ఆమెది ఈజిప్టు. వాళ్ళ దేశంలో నిజంగా పోటీ ఉన్న అధ్యక్ష ఎన్నిక ఇదే మొదటిది. నలభై ఆరేళ్ళు వచ్చాక ఆమె వేస్తున్న మొదటి ఓటు కూడా. రియాద్‌లోని వాళ్ళ ఎంబసీలో వెయ్యాలి, ఆఖరి రోజు. "తోడు వస్తావా?" అని అడిగితే సెలవు పెట్టేశాను.

మా ఆసుపత్రి ఉన్న ఖతీఫ్ నుంచి దమ్మామ్ స్టేషన్‌కి టాక్సీలో అరగంట, నలభై రియాల్స్. అక్కణ్ణుంచి రైల్లో నాలుగున్నర గంటలు. కిటికీ అవతల ఇసుక కాసేపు గులాబీ రంగులో, కాసేపు పాలరంగులో కదిలిపోతోంది. దూరంగా ఒంటెలు నడుస్తున్నాయో నిలబడ్డాయో తెలియలేదు. సుఆద్ ఇంటర్నెట్ నుంచి ప్రింటు తీసిన ఓటు కాగితం మీద, నాకు కనబడకుండా చెయ్యి అడ్డుపెట్టి గుర్తు వేసింది.

"కింద పేరు రాసి సంతకం పెట్టు సిస్టర్. ఈ దేశంలో సంతకం లేని కాగితం ఎవరు తీసుకుంటారు?" అన్నాను. మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం చేసిన మొదటిదాన్ని నేనే. దాని మీద నాకు అంత నమ్మకం. ఆమె సంతకం పెట్టి, తన నివాస కార్డు, ఇకామా, నంబరు కూడా రాసింది.

రెండున్నరకి ఎంబసీలో ఆడవాళ్ళ వరుసలో నిలబడ్డాం. కవర్లు పంచుతున్న అమ్మాయి గట్టిగా చెబుతోంది: "ఓటు కాగితం మీద పేరు గానీ సంతకం గానీ ఉంటే చెల్లదు!"

సుఆద్ నావైపు తిరిగింది. "ఇన్నేళ్ళూ మమ్మల్ని ఎవరు కావాలని ఎవరూ అడగలేదు. ఇవాళ అడిగితే నువ్వొచ్చి సంతకం పెట్టించావు!"

వీధి చివర జిరాక్స్ షాపుకి పరుగెత్తాం. మధ్యాహ్నం చివర్లో చేసే అసర్ నమాజుకి షాపతను షట్టర్ దించుతున్నాడు.

"అన్నా, ఒక్క కాగితం!" నోట్లోంచి తెలుగే వచ్చేసింది.

"కడపోళ్ళా? నమాజ్ అయినాక రాపో పాపా. ఇప్పుడు తీస్తే నాకు ఫైన్ పడతాది."

మెట్ల మీద కూర్చున్నాం. మసీదు నుంచి బాంగు గాలిలో తేలుతుంటే వీధంతా నెమ్మదించింది. ఎండ కూడా కునుకు తీస్తున్నట్టుంది. సుఆద్ నా చెయ్యి మాత్రం వదల్లేదు.

షట్టర్ లేచాక షాపులోని కంప్యూటర్ నుంచి కొత్త ఓటు కాగితం ప్రింటయి వచ్చింది. "ఆమె ఓటేస్తే నీకేమొస్తాది పాపా?" అన్నాడు.

"ఏమీ రాదన్నా. చెడగొట్టింది నేను కదా."

నాలుగున్నరకి సుఆద్ మళ్ళీ గుర్తు పెట్టి, కవరు పెట్టెలో వేసి బయటికొచ్చింది. ఎవరికేసిందో నేనడగలేదు. పేరు రాస్తేనే మనిషికి విలువని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పేరు అడక్కుండానే మనిషిని లెక్కలోకి తీసుకునే కాగితం ఒకటుందని, ఆ మధ్యాహ్నం ఆమె వెనకాల నిలబడి తెలుసుకున్నాను.

మీరు ఇలాంటి పని మీద రియాద్ వెళితే, అసర్ వేళకి దుకాణాలు దాదాపు నలభై నిమిషాలు మూస్తారని గుర్తుంచుకుని, సాయంత్రం ఆరు తర్వాతి రైలుకే టికెట్ తీసుకోండి.