దుబాసి బస్సు

డిపోలో ఆమెను అందరూ దుబాసి అంటారు. మొదట్లో వెటకారంగానే అన్నారు. తర్వాత వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వెళ్ళే బస్సు నడుపుతుంది. కండక్టరు లేని బస్సు అది. తలుపు తీయడం, టికెట్టు ఇవ్వడం, చిల్లర వెతకడం, దారి చెప్పడం అన్నీ డ్రైవరు నెత్తినే. విమానం దిగినవాళ్ళ దగ్గర ఎప్పుడూ పెద్ద నోటే ఉంటుంది. పెట్టెలేమో మనిషంత ఉంటాయి. వాటిని సీట్ల మధ్య నిలబెట్టి, మొదటి మలుపులోనే అవి దొర్లి ఎవరి కాళ్ళ మీదో పడ్డాక, అప్పుడు తీరిగ్గా అడుగుతారు, ఇది ఊళ్ళోకేనా అని.

మిగతా డ్రైవర్లు ఆ ప్రశ్నకు తలూపి ఊరుకుంటారు. ఈమె ఊరుకునే రకం కాదు. సిగ్నల్ దగ్గర బండి ఆగగానే వెనక్కి తిరిగి, బస్సును వేలితో చూపించి, దీన్ని మీరేమంటారు అన్నట్టు కనుబొమలు ఎగరేస్తుంది. వాళ్ళు సరదాపడి చెబుతారు. అలా కొన్నేళ్ళలో బోలెడు భాషల్లో 'ఊళ్ళోకే', 'సామాను ఇక్కడ పెట్టండి', 'చిల్లర లేదు', 'ఈ రోజు వాన' వంటి ముక్కలు పోగయ్యాయి. ఏ భాషలోనూ నిలబడి కబుర్లాడలేదు గానీ, దిక్కుతోచక దిగినవాళ్ళకు ఆ నాలుగు మాటలే కొండంత అండ. కొత్త ఊళ్ళో వాళ్ళతో మొదట మాట్లాడే మనిషి తనేనని ఆమెకు గర్వం. ఆ గర్వాన్ని దాచుకునేది కూడా కాదు.

భర్త అదే విమానాశ్రయం దగ్గర టాక్సీ నడుపుతాడు. ఒకే ఇంట్లో ఉండి ఒకరి పొట్ట ఒకరు కొట్టుకుంటున్నారని డిపోలో జోకులేసేవాళ్ళు. అతను పెద్దగా మాట్లాడే మనిషి కాదు, కానీ చెవి మహా చురుకు. ఆమె వారం రోజులు కుస్తీ పట్టిన మాటను రెండుసార్లు విని ఇట్టే తిప్పి చెప్పేవాడు. సాయంత్రం కంచాల ముందు కూర్చుని ఇద్దరూ వింత వింత భాషల్లో వాన, చిల్లర అనుకుంటుంటే అత్తగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేది.

"పోట్లాడుకోవడానికి మనింట్లో ఒక్క భాష చాలట్లేదా?" అనేది.

ఆ పాఠాల మిషతోనే మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకునేవాళ్ళు. రోజు మొత్తంలో ఆమెకు నచ్చిన సమయం అదే.

ఆ ఏడు ఎందుకోగానీ బస్సుకు జనం పలచబడ్డారు. విమానాలు తగ్గలేదు, పైగా పెరిగాయి. చివరికి డిపో మేనేజరు ఆమెను పిలిచాడు.

"ఖాళీ బస్సు ఎన్నాళ్ళని తిప్పుతామమ్మా? గురువారం పైఆఫీసు నుంచి అధికారి వస్తాడు. నీ బస్సులోనే కూర్చుని చూస్తాడు. జనం ఎక్కారా సరే. లేదంటే రూటు ఎత్తేస్తారు."

"ఎత్తేస్తే మరి నేను?"

"నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. మార్కెట్ రూటు ఇస్తాం."

మార్కెట్ రూటులో ఎక్కేవాళ్ళకు దారి కళ్ళు మూసుకున్నా తెలుసు. వాళ్ళకు డ్రైవరుతో మాట పనే లేదు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

సోమవారం ఒక ముసలి జంట పెట్టెలు ఈడ్చుకుంటూ, కార్లు నిలిపే చోటు గోడ పక్కగా నడిచి వస్తూ, బస్సును చూసి టక్కున ఆగారు. స్టాపు ఆ గోడ వెనక ఉంటుంది. విమానాశ్రయంలోంచి బయటికొచ్చే తలుపు దగ్గర నిలబడితే కనబడదు. ముసలావిడ బస్సు రేకు మీద తట్టి, పకపకా నవ్వి, తలుపు వైపు చెయ్యి చూపిస్తూ ఏదో అంది. దుబాసికి అందలేదు. ఆవిడ మళ్ళీ నెమ్మదిగా అంది. బస్సు. ఈ రోజు. లేదు. తలుపు దగ్గర తమకలా చెప్పినవాడెవరో తెలిసేలా చేతులతో స్టీరింగు తిప్పి చూపించింది.

ఆ భాష ఆ ఊళ్ళో ఎవరికీ రాదు. ఎక్కడో చిన్న చిన్న దీవులవాళ్ళది. ఓడ ఉద్యోగం మానేసి ఇంటికి పోతున్న ముసలాయనొకడు ముందు సీట్లో కూర్చుని దారి పొడవునా నేర్పితే ఆమె నాలుగు మాటలు నేర్చుకుంది. వాటిని ఆమె చెప్పింది ఒక్క మనిషికే. బస్సు అన్న మాట ఒక రోజు, 'ఈ రోజు వాన' ఇంకో రోజు, 'చిల్లర లేదు' మరో రోజు. ముక్కలన్నీ ఆమెవే, కలిపి కుట్టింది భర్త.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఇంటికెళ్ళి ఏమీ అడగలేదు. అడిగితే, బేరం కోసం అందరూ అనే మాటే కదా అంటాడు. అతని లెక్కలో అది అబద్ధం కాదు, వ్యాపారం. బుధవారం సాయంత్రం మాత్రం కంచం ముందు అంది.

"రేపొక్క రోజు ఆ తలుపు దగ్గర నిలబడకండి."

అతని చెయ్యి ఆగింది. ఆమెకు తెలిసిపోయిందని అర్థమైంది. "సరే" అన్నాడు.

గురువారం అధికారి ముందు సీట్లో కాలు మీద కాలు వేసుకు కూర్చున్నాడు. బయల్దేరే ముందు ఆమె మంచినీళ్ళకని ఆ బయటికొచ్చే తలుపు దాకా వెళ్ళింది. భర్త లేడు. మాట నిలబెట్టుకున్నాడు. అతని చోట మరో ముగ్గురు టాక్సీవాళ్ళు నిలబడి, దిగినవాళ్ళను దిగినట్టే వాళ్ళ వాళ్ళ భాషల్లో పలకరిస్తున్నారు. ఈ రోజు బస్సు లేదు. ఎంత బాగా నేర్చుకున్నారంటే, యాస కూడా ఆమెదే. ఆమె దగ్గర భర్త నేర్చుకుంటే, భర్త దగ్గర స్టాండు మొత్తం నేర్చుకుంది.

ఆమె ఎవరినో పిలవబోయింది. "వదినా, మా బేరాలు చెడగొట్టకు" అన్నాడొకడు. అంతలో అధికారి గోడ మలుపు దాకా వచ్చి, డ్యూటీలో ఉన్న డ్రైవరు బండి వదిలి తిరగకూడదమ్మా అన్నాడు. ఆమె వెనక్కి వచ్చి సీట్లో కూర్చుంది. వేళయ్యేదాకా చూసి తలుపులు మూసింది. అధికారి కాక బస్సులో ఒకే ఒక్కడున్నాడు. వాడూ విమానాశ్రయంలో నేల తుడిచే మనిషి, పాసు మీద ఎక్కినవాడు. రూటు పోయిందని ఊళ్ళోకి చేరకముందే ఆమెకు తెలిసిపోయింది.

సాయంత్రం అత్తగారు వడ్డించి అవతలికి వెళ్ళాక భర్త గొంతు సవరించుకున్నాడు.

"నేనివాళ అటు పోనేలేదు. కావాలంటే ఎవర్నైనా అడుగు."

"చూశాను. మీరు లేరు."

"నిలబడొద్దన్నావు, నిలబడలేదు. నువ్వడిగింది అదేగా?"

"అదే అడిగాను" అంది ఆమె. "అడక్కపోయినా వచ్చి నిలబడి, బస్సు ఉందని చెప్తారేమోనని, బండి కదిలేదాకా ఆ గోడ వైపే చూస్తూ కూర్చున్నాను."