గురుసామి మామ లారీ బల్బు

మొన్న ఉదయం కోవిల్‌పట్టిలో నా కొట్టు తెరిచి, చేతిలో చీపురు ఇంకా పక్కన పెట్టకముందే, సరుకు అమ్ముకునే ఏజెంటు ఒకడు వచ్చి ఒక కొత్త పెట్టె నా చేతికిచ్చాడు. కంప్యూటరుకు కరెంటు అందించే ఇనప పెట్టె అది. పవర్ సప్లై అని పుస్తకాల్లో రాస్తారు, మా వ్యాపారంలో అందరూ ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. "ధర రొంబ తక్కువక్కా. బరువు సూడు" అన్నాడు. ఎట్టయపురం పక్క పల్లెవాడు, ఇంట్లో మా తెలుగే మాట్లాడేవాడు గనుక, చాలాకు బదులు రొంబ అన్నా, నా దగ్గర తెలుగే వాడతాడు. అతను మాట పూర్తి చేసేలోపే నా అరచేయి దానంతటదే పైకీ కిందికీ రెండుసార్లు ఆడింది. ఆ అలవాటు నాది కాదు. విరుదునగర్‌లో మిరపకాయల మూటల మధ్య సగం జీవితం గడిపిన ఒక పెద్దాయనది. బరువు చేతికి తగలగానే నా ముక్కు కూడా తుమ్మడానికి సిద్ధమైపోయింది. ఎందుకో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

పేరు గురుసామి. నాకు చుట్టం కారు, అయినా మామ. పొట్టి మనిషి, పెద్ద గొంతు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవరు. చాలా ఏళ్ళు ఒక కమీషన్ మండీలో ఎండుమిరపకాయల నాణ్యం చూసేవారు. మూటలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి నాలుగు కాయలు తీసి, వాసన చూసి, రకం చెప్పేసేవారట. ఆ మండీవాళ్ళు పద్దుల కోసం ఒక కంప్యూటరు కొన్నారు. మిరప ఘాటుకు అది నెలకోసారి మొరాయించేది. మదురై నుంచి మెకానిక్కు వచ్చేసరికి వారం పట్టేది. విసుగెత్తి మామే దాన్ని విప్పడం మొదలుపెట్టారు. విప్పగా విప్పగా అదే ఆయన పని అయింది. మండీ కొత్త చోటికి మారినప్పుడు పాత గోదాములో ఒక మూల అద్దెకు తీసుకుని బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు. ఆ గోడల నిండా మిరపపొడే. ఫ్యాను వేస్తే చాలు, వచ్చినవాళ్ళందరూ తుమ్మేవాళ్ళు. మామ మాత్రం బేరం ముగించేటప్పుడే తుమ్మేవారు. అది ఎలా సాధ్యమో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

నేను కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా ఉండేదాన్ని. అది మూతపడినప్పుడు నాకు ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు. చేతిలో ఒక కంప్యూటరు డిప్లొమా ఉంది. దాన్ని చూసి నవ్వని మనిషి, మా ఆఫీసు కంప్యూటరు బాగుచేయడానికి వచ్చే గురుసామి మామ ఒక్కరే. "స్క్రూ తిప్పే పని ఆడదానికేంది" అంది మా అత్త. ఆమెను ఒప్పించడం కంటే విరుదునగర్ పాసింజరు ఎక్కడం తేలికనిపించి, మామ కొట్టులో పని నేర్చుకోవడానికి రోజూ ఎక్కేశాను.

మొదటిరోజు మామ బల్ల మీద మూడు పెట్టెలు వరసగా పెట్టారు.

"ఏమ్మా జక్కు, వీటిలో మంచిది యాది? ఎంచు."

నా పేరు జక్కమ్మాళ్. మా కులదైవం పేరు పెట్టారు, దాన్ని సగానికి కోసిన ఘనత మామది. నేను చీటీలు చదివి, పెద్ద అంకె ఉన్న పెట్టెను చూపించాను. "ఇది మామా. ఐదు వందల వాట్లు."

"అది పైన రాసిండేది. వత్తల్ మూటల మింద 'మొదటి రకం' అని నేనే ఎన్నిటికి రాసిండానో నీకేం తెలుసు?" అని పగలబడి నవ్వారు. వత్తల్ అంటే అక్కడ ఎండుమిరపకాయ, మాట చివర 'దా' అంటే నొక్కి చెప్పడం. "మన పక్క జనానికి ఏం కావాల? ఒక ఫారం కొట్టాల, ప్రింటు తీయాల. దానికి ఇన్నూట యాభై చాలు. సిన్న అంకె, నిజం అంకె. అదిదా చవక. పెద్ద అంకె అబద్దంగా కొంటే, అది చవక కాదు. తెలిసిందా?"

తర్వాత పెట్టెలు ఒక్కొక్కటే నా అరచేతిలో పెట్టారు. రాగితీగ చుట్టలు లావుగా, వేడి లాగే అల్యూమినియం రేకులు మందంగా ఉంటే పెట్టె బరువు తూగుతుంది. కక్కుర్తి పడితే తేలిపోతుంది. నేను చూపించిన ఐదు వందల వాట్ల పెట్టె ఖాళీ టిఫిన్ డబ్బాలా ఉంది. ఆ రోజు నుంచి అదో ఆట అయింది మాకు. కళ్ళు మూసుకోమని పెట్టె చేతిలో పెట్టేవారు. నేను తప్పు చెబితే టీ నేను తేవాలి, ఒప్పు చెబితే ఆయన తేవాలి. ఆరు నెలలు తిరిగేసరికి టీలన్నీ ఆయనే తెస్తున్నారు. అది నా తలకు కొంచెం ఎక్కిందని ఒప్పుకోవాలి.

ఇంకో పరీక్ష కూడా ఉండేది. ఒక పాత చెక్క పలక మీద లారీ హెడ్‌లైటు బల్బు ఒకటి బిగించి ఉండేది. ఆ చెక్క మిరపకాయల మండీ తలుపుది. కొత్త పెట్టెను ఆ బల్బుకు తగిలించి, ఒక టీ తాగేంతసేపు వెలిగించాలి. మీటరులో పన్నెండు వోల్టులు పన్నెండుగానే నిలబడాలి, పెట్టె వాసన కొట్టకూడదు. నా అరచేయి అంత గట్టిదయ్యాక ఈ బల్బు తతంగం నాకు చాదస్తంగా కనిపించసాగింది. మామ ఎదురుగా ఉంటే వెలిగించేదాన్ని, లేకపోతే లేదు.

ఏళాయిరంపన్నై నుంచి జ్ఞానసుందరి అక్క వచ్చింది అలాంటి రోజునే. మామ తన అక్క మనవరాలి చెవులు కుట్టే వేడుకకు వెంబకోట్టై వెళ్ళారు. "ఈ పొద్దు కడై నీది. ఏం వచ్చినా నువ్వే ఎంచు" అన్నారు పోతూ పోతూ. ఒంటరిగా కొట్టు నాకు అప్పగించడం అదే మొదలు. జ్ఞానసుందరి అక్క కంప్యూటరును పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆవిడ పదిహేనేళ్ళు టపాకాయల కంపెనీలో మందు కలిపే గదిలో పనిచేసి మానేసింది. పాత కంప్యూటరు ఒకటి కొని ఇంటి ముందు గదిలో పెట్టుకుని, ఊళ్ళో ఆడవాళ్ళకు ఫారాలు నింపి ప్రింటు తీసిచ్చేది.

"నిన్నటినుంచీ ఉలకదు పలకదు సెల్లీ. మధ్యాన్నం నుంచి బడి ఫారాలకు జనం వస్తారు. ఇది పోతే నేను మళ్ళా మందు గదికిదా పోవాల" అంది. అంటూ తన వేళ్ళు చూసుకుంది. గోళ్ళ చుట్టూ టపాకాయల మందు వెండిరంగు ఇంకా పోలేదు.

విప్పి చూశాను. మిగతావన్నీ బాగున్నాయి, కరెంటు పెట్టె ఒక్కటే పోయింది. అరలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి మామ ఎప్పుడూ తెప్పించేది, చిన్న అంకెది. రెండోది అంతకుముందు రోజే ఒక కొత్త ఏజెంటు ఇచ్చి వెళ్ళినది. ధర ఇంకా తక్కువ, చేతిలో పెడితే మొదటిదానికంటే బరువు! నాకు నిధి దొరికినట్టయింది. బల్బు వైపు కూడా చూడలేదు. బిగించాను, మీట నొక్కాను, కంప్యూటరు లేచింది. అక్క నా గడ్డం పట్టుకుని "నీ సెయ్యి సల్లగుండ" అని, మళ్ళీ చీరలో చుట్టుకుని బస్సెక్కింది.

మధ్యాహ్నం కాకముందే మామ వచ్చారు, చేతిలో నాకోసం లడ్డూల పొట్లం. నేను గొప్పగా అంతా చెప్పాను. ఆయన ఆ కొత్త రకంలో మిగిలిన పెట్టెను చేతిలోకి తీసుకున్నారు. అరచేయి ఆడింది. ఇంకోసారి ఆడింది. నుదురు ముడిపడింది.

"ఇంత ధరకు ఇంత బరువా? ఎట్ల?" అని జేబులోంచి స్క్రూడ్రైవరు తీశారు. నాలుగు మరలు ఊడాయి. లోపల సన్నటి తీగలు, పలచటి రేకులు, సగం ఖాళీ. అడుగున మాత్రం బంక పెట్టి అతికించిన దళసరి ఇనప పలక ఒకటి! బరువు చూసి కొనేవాళ్ళ కోసమే పెట్టిన బరువు.

"అరె! వత్తల్ మూటకు నీళ్ళు సల్లేది నేర్చినారు వీళ్ళు!" అని మామ ముందు నవ్వారు, ఆ వెంటనే తుమ్మారు, తర్వాత ఆయన ముఖంలో నవ్వు పోయింది. "ఆ అమ్మి ఫోనుకు కొట్టు. మిషను ఆన్ సెయ్యొద్దని సెప్పు."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అంతే. ఇలాంటి పెట్టె వేడెక్కి తన్నేస్తే అది ఒక్కటే పోదు, కంప్యూటరునంతా కాల్చేస్తుంది. అక్క మందు గది కళ్ళముందు కనబడింది. మామ ఒక సంచిలో బల్బు పలక, మీటరు, తాను తెప్పించే చిన్న అంకె పెట్టె, పాత సరుకులో మిగిలిన పెద్ద అంకె పెట్టె ఒకటి వేసుకుని అప్పటికే వీధిలో ఉన్నారు. సాత్తూరు దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. దారంతా ఆయన డ్రైవర్లను తొందరపెట్టారే గాని నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏళాయిరంపన్నైలో ఆటో దిగి చూస్తే, అక్క ఇంటి ముందు గదిలో పది మంది ఆడవాళ్ళు, ప్రింటరు చప్పుడు. మామ వీధిలోంచే తన పెద్ద గొంతుతో "ఆపండి! ఆపండి!" అని అరుస్తూ పరుగు తీశారు.

ఆ ఊరి సంగతి మేము మరిచిపోయాం. టపాకాయల మందుతో పనిచేసే ఊళ్ళో ఎవరైనా పరుగెత్తుకొచ్చి ఆపమని అరిస్తే, ఎందుకని అడిగేవాళ్ళు ఉండరు. ముందు బయటపడతారు, తర్వాత అడుగుతారు. రెప్పపాటులో గది ఖాళీ. పది మందీ ఎదురు ఖాళీ స్థలంలో ఉన్నారు, ఒక ముసలవ్వ అందరికంటే ముందు. వాళ్ళు పరుగెత్తడం చూసి మామ కూడా అటే పరుగెత్తారు. నేనెందుకు పరుగెత్తానో నాకు తెలియదు. అందరికంటే చివర జ్ఞానసుందరి అక్క వచ్చింది, రొప్పుతూ.

"మెయిను తీసేసే వచ్చిండాను! యాడ పేలింది?"

"యాడా పేలలేదు తల్లీ" అన్నారు మామ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆయాసపడుతూ. "నీ మిషనుదా... నీ మిషను ఆపమన్నాను."

ముసలవ్వ "ఓరి నీ గొంతు పాడుగాను! దీనికా నన్ను ఉరికిచ్చింది?" అంది. ఆ ఖాళీ స్థలం అంతా నవ్వులే.

లోపలికి వెళ్ళి కంప్యూటరు వెనక చెయ్యి పెడితే కాలింది. ఆ పెట్టెను ఊడదీసి మామ బల్బుకు తగిలించారు. బల్బు భగ్గున వెలిగి, చూస్తుండగానే ఎర్రబడి, నీరసపడింది. గది నిండా కమురు వాసన. అక్క ఆరోజు పదిహేనేళ్ళ అలవాటు కొద్దీ పరుగెత్తేముందు మెయిను తీసింది. అదే ఆ కంప్యూటరును బతికించింది.

"ఇది ఎవరు ఎంచినారు?" అని అడిగింది అక్క. మామ నా వైపు చూడలేదు. తప్పు తన మీద వేసుకుంటారని నేను ఆశపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆయన మీటరు తీగలు సర్దుకుంటూ ఉండిపోయారు.

"నేనే అక్కా. బరువు సూసి ఏమారిపోయినాను. బల్బు పెట్టి సూడలేదు" అన్నాను. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. కొట్టులో నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు మామ సంచిలోంచి రెండు పెట్టెలు తీసి నా ముందు పెట్టారు. "సరి. ఏడ్చింది చాలు. ఈ రెండిట్లో ఒకటి ఎంచు."

"నేనా మామా?"

"మరి ఎవరు? నాకు కళ్ళజోడు లేదు."

కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. పది మంది ఆడవాళ్ళు చూస్తుండగా ఆ రెండింటినీ ముందేసుకున్నాను. గాలి కన్నాల్లోంచి లోపలికి టార్చి వేసి, ఉండాల్సిన చోట రాగిచుట్టలు ఉన్నాయో లేదో చూశాను. తీగల లావు వేళ్ళతో నలిపి చూశాను. రెండింటినీ చెరో టీ తాగేంతసేపు వెలిగించాను. నిజంగానే టీలు వచ్చాయి, ముసలవ్వ పెట్టించింది. చివరికి ధర తక్కువదే, చిన్న అంకెదే తీసుకున్నాను, ఎందుకు తీసుకున్నానో అక్కకు వివరంగా చెప్పాను. మామ ఒక్క మాట కల్పించుకోలేదు. కంప్యూటరు లేచి కూత పెట్టగానే ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మామ తుమ్మారు. బేరం ముగిసిందన్నమాట.

తిరుగు బస్సులో ఆ సంగతి ఎత్తారు. "బరువు సూడమని నీకు నేర్పింది నేనే జక్కు. బరువు సూసేవాళ్ళు ఉండారని తెలిస్తే, బరువు పెట్టేవాళ్ళు వస్తారని నేర్పలేదు. మూటయినా పెట్టెయినా సెయ్యి అడుగు దాకా పోవాల. రేపట్నుంచి నేను తెచ్చిన పెట్టెకైనా బల్బు పెట్టు. నన్నూ నమ్మొద్దు." ఆ లడ్డూల పొట్లం ఇంకా సంచిలోనే ఉంది. ఇద్దరం తిన్నాం. నాకు మా నాన్న దగ్గర కూడా అంత నిశ్చింతగా అనిపించిన రోజు లేదు.

ఆయన పోయి మూడేళ్ళు. కొట్టు ఎత్తేసినప్పుడు మామ ఇల్లాలు అత్తమ్మ నీకేం కావాలంటే అది తీసుకుపొమ్మంది. బల్బు బిగించిన చెక్క పలక తెచ్చుకున్నాను. ఆ ఇనప పలక కూడా తెచ్చుకున్నాను, కోవిల్‌పట్టిలో నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా అదే కాపలా. జ్ఞానసుందరి అక్క దగ్గర ఇప్పుడు రెండు కంప్యూటర్లు. ఫోను చేసినప్పుడల్లా "ఉరకాల్నా, కూర్చోవాల్నా?" అనే పలకరిస్తుంది.

మొన్నటి ఏజెంటు పెట్టె నిజంగానే బరువుగా ఉంది. నేను స్క్రూడ్రైవరు తీశాను.

"అక్కా, సీలు పోతుంది!"

"పోనీ తమ్ముడూ. పలక లేకపోతే పది కొంటాను."

లోపల పలక లేదు, రాగి ఉంది. మూసి, బల్బుకు తగిలించాను. టీలు చెప్పాను. పన్నెండు పన్నెండుగానే నిలబడింది. బల్బు వేడికి పాత చెక్క సందుల్లోంచి, ఎన్నేళ్ళ నాటిదో, మిరప ఘాటు సన్నగా లేచింది. ఇద్దరి గ్లాసులూ ఖాళీ అయ్యేసరికి నాకు పెద్ద తుమ్ము వచ్చింది, కొట్టంతా అదిరేలా.

"ఏమక్కా, జలుబా?" అన్నాడు ఏజెంటు.

"లేదు తమ్ముడూ. మా మామ సరేనన్నారు. పది దించు."